ఇన్‌స్టాల్ ప్రతిసారీ వేరే చోట ఆగుతోందంటే తప్పు లినక్స్ మింట్‌ది కాదు, ముందు ర్యామ్ చూడండి

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. పరకాల దగ్గర ఊళ్లో మీ అన్న వదిలేసిన పాత సిస్టమ్, కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, జీ31 మదర్‌బోర్డు, 1 జీబీవి రెండు ర్యామ్‌లు (సిస్టమ్ పనిచేస్తూ వాడుకునే మెమరీ ముక్కలు), 160 జీబీ హార్డ్ డిస్క్. లినక్స్ మింట్ (విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్) వేస్తుంటే ఒకసారి 40 శాతం దగ్గర ఆగింది, ఇంకోసారి 'ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్, ఎర్ర్‌నో 5' అని వచ్చింది, మూడోసారి స్క్రీన్ నల్లగా అయిపోయింది. హన్మకొండలో షాపుకు పట్టుకెళ్తే మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారు. పడేయాలా అని అడుగుతున్నారు.

పడేయకండి. బోర్డు పూర్తిగా పోయుంటే మీరు 40 శాతం దాకా కూడా వచ్చేవారు కాదు.

ఇదే నాకు 2021 మే నెలలో జరిగింది. మా మేనమామకు హన్మకొండలో జిరాక్స్ షాపు ఉండేది, అందులో వాడిన సిస్టమ్ నాలుగేళ్లుగా సజ్జ మీద పడి ఉంది. మామ బిడ్డకు ఇంటర్ ఆన్‌లైన్ క్లాసులు, అదంతా చిన్న ఫోన్‌లో చూసి చూసి కళ్లు మండుతున్నాయంటే, నేను బాగు చేసి ఇస్తా అని పెద్ద మాట ఇచ్చేశాను. అప్పుడు లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది వరకే షాపులు. ఏదైనా కావాలంటే కాజీపేట నుంచి బండి మీద ఉరికి పదిలోపు ఇంట్లో పడాలి.

వారం రోజులు నేను చేసిన పని ఏంటంటే ఓఎస్‌లు మార్చడం. మింట్ ఆగిపోయింది, లుబుంటు అనే ఇంకో లినక్స్ వేశా, అదీ ఆగిపోయింది, డెబియన్ అనే మరో లినక్స్ వేశా, సగం వరకు వచ్చి ఏదో ప్యాకేజీ విప్పలేకపోతున్నా అంది. చివరికి విసుగొచ్చి విండోస్ 7 కూడా పెట్టి చూశా, అది 'ఫైళ్లను విప్పుతోంది' దగ్గర 61 శాతంలో ఒకసారి, 83లో ఒకసారి పడిపోయింది. నాలుగు ఓఎస్‌లు నాలుగు చోట్ల పడిపోతుంటే, ఆ నాలుగూ కూర్చునే చోటు ఒక్కటే కదా, దాన్ని చూడాలన్న బుద్ధి నాకు ఐదో రోజుకు పుట్టింది. పైగా ఆ ఎర్ర్‌నో 5 మెసేజ్ మనిషిని తప్పుదారి పట్టిస్తుంది. కింద చిన్న అక్షరాల్లో సీడీ పాడైందేమో, హార్డ్ డిస్క్ పాడైందేమో అని ఉంటుంది, ర్యామ్ పేరే ఎత్తదు. నేను అది నమ్మి కొత్త పెన్‌డ్రైవ్ కొన్నాను, హార్డ్ డిస్క్‌ను బోర్డుకు కలిపే కొత్త సాటా కేబుల్ కొన్నాను, రెండూ దండగే.

కాబట్టి నాకు దెబ్బ తగిలి తెలిసిన లెక్క చెప్తా. ప్రతిసారీ సరిగ్గా ఒకే చోట ఆగితే పెన్‌డ్రైవ్‌లో ఫైలు సరిగా రాలేదు, లేకపోతే డిస్క్‌లో ఆ భాగం పోయింది. ప్రతిసారీ వేరే చోట, వేరే ఎర్రర్‌తో ఆగితే ముందు అనుమానం ర్యామ్ మీదే. ఏ ఎర్రరూ లేకుండా టప్పున మొత్తం ఆఫ్ అయిపోతే వేడి, లేదా ఎస్ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే పవర్ డబ్బా). మీది రెండోది.

ర్యామ్ ఎలా చూడాలంటే, ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి పట్టుకుని, అప్పుడు డబ్బా తెరవండి. దుమ్ము చూసి భయపడకండి, మా దాంట్లో బల్లి గుడ్ల పెంకులు కూడా ఉన్నాయి. ర్యామ్‌కు రెండు పక్కలా ఉండే తెల్ల క్లిప్పులు బయటికి నొక్కితే అదే పైకి లేస్తుంది. దాని కింది అంచున బంగారు రంగు పళ్లు వరుసగా ఉంటాయి, వాటిని పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే మామూలు రబ్బరుతో ఒకే దిక్కుకు మెల్లగా రుద్దండి. నేను రుద్దితే రబ్బరు మీద బొగ్గు పూసినట్టు నల్లటి చార దిగింది, పళ్లు తళతళ మెరిశాయి. రబ్బరు పొట్టు స్లాట్‌లో (ర్యామ్ కూర్చునే గాడిలో) పడకుండా దూరంగా ఊది, మళ్లీ క్లిప్పులు రెండూ టక్ మనేదాకా నొక్కండి. సగం కేసుల్లో కథ ఇక్కడితోనే అయిపోతుంది అంటారు, నాకు మాత్రం అవలేదు.

అవకపోతే మెమ్‌టెస్ట్86+ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, ఉచితం, దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి సిస్టమ్‌ను నేరుగా దాంతోనే బూట్ చేయాలి, అంటే స్టార్ట్ చేయాలి. కొన్ని లినక్స్ పెన్‌డ్రైవ్‌లలో మొదటి మెనూలోనే ఉంటుంది. రెండు ర్యామ్‌లూ పెట్టి కాదు, ఒక్కొక్కటే పెట్టి నడపండి, లేకపోతే దొంగ ఎవరో తెలియదు. కనీసం ఒక పాస్ (ర్యామ్ మొత్తాన్ని ఒక చుట్టు పరీక్షించడం) పూర్తి కానివ్వండి, రాత్రంతా వదిలేస్తే ఇంకా మంచిది. మా దాంట్లో మొదటి ర్యామ్ ఒక్క తప్పు లేకుండా పాసైంది. రెండోది పెట్టి టీ తాగి వచ్చేసరికి స్క్రీన్ నిండా ఎర్ర గీతలు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ పనికిరాదు, 'కొంచెమే కదా' అని సర్దుకోవడానికి లేదు. అదే ర్యామ్‌ను రెండో స్లాట్‌లోకి మార్చి కూడా చూడండి, ర్యామ్ ఏదైనా ఒకే స్లాట్‌లో ఎర్రర్ వస్తుంటే అప్పుడు షాపతను చెప్పినట్టు బోర్డును అనుమానించొచ్చు, అప్పటికీ రెండో స్లాట్ మిగిలే ఉంటుంది.

ర్యామ్ మార్చాల్సి వస్తే ఒక జాగ్రత్త. మీది డీడీఆర్2 అనే పాత రకం ర్యామ్, కొత్తవి దొరకడం కష్టం, సెకండ్ హ్యాండ్‌లోనే వెతకాలి. జీ31 బోర్డు మొత్తం 4 జీబీ వరకే తీసుకుంటుంది, అంటే 2 జీబీవి రెండు. ఆన్‌లైన్‌లో 4 జీబీ డీడీఆర్2 ఒకటే ముక్కగా చవగ్గా కనిపిస్తుంది, వాటిలో చాలావరకు ఏఎండీ బోర్డులకు మాత్రమే పనిచేసే రకం, మీ ఇంటెల్ బోర్డులో పెడితే బీప్ తప్ప ఇంకేం రాదు. అలా డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ర్యామ్ తేలాక మాకు ఇంకో రెండు తగిలాయి, మీకూ తగలొచ్చు కాబట్టి రాస్తున్నా. సిస్టమ్ ఏళ్ల తరబడి పక్కన పడి ఉంటే బోర్డు మీది గుండ్రటి సెల్లు, సీఆర్2032, అయిపోయి ఉంటుంది. కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోయి 2009 చూపించేది. తేదీ తప్పైతే బ్రౌజర్‌లో ఏ సైట్ తెరిచినా సెక్యూరిటీ సర్టిఫికెట్ సరిగా లేదంటుంది, అప్‌డేట్లు కూడా దిగవు, మనమేమో నెట్‌ను తిట్టుకుంటాం. గడియారాలు బాగుచేసే దుకాణంలో కూడా దొరుకుతుంది ఆ సెల్లు.

రెండోది, అంతా సక్సెస్ అయ్యాక పెన్‌డ్రైవ్ పీకి ఆన్ చేస్తే 'డిస్క్ బూట్ ఫెయిల్యూర్' వచ్చింది. గుండె జారిపోయింది. చూస్తే మామ ఫొటోలు ఉన్న పార్టిషన్ (డిస్క్‌లో విడిగా చేసిన భాగం) కాపాడటానికి నేను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'ఇంకేదైనా' (సమ్‌థింగ్ ఎల్స్) అనే దారిలో వెళ్లి పార్టిషన్లు చేతితో పెట్టాను, అక్కడ కింద బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ఓఎస్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్) ఎందులో వేయాలి అని ఒక డబ్బా ఉంటుంది, అందులో ఎస్‌డీఏ (లినక్స్ ఒక డిస్క్‌కు పెట్టే పేరు) అని ఉంటే హార్డ్ డిస్కే కదా అనుకుని వదిలేశా. ఆ రోజు పెన్‌డ్రైవే ఎస్‌డీఏ అయి కూర్చుంది. గ్రబ్, అంటే ఆ బూట్‌లోడర్, పోయి పెన్‌డ్రైవ్‌లో పడింది. పేరు చూడకండి, పక్కన సైజు చూడండి, 160 జీబీ ఉన్నది మీ డిస్క్, 16 ఉన్నది పెన్‌డ్రైవ్.

మింట్ వేసే పెన్‌డ్రైవ్ చేసేటప్పుడు రూఫస్ అనే ప్రోగ్రామ్‌లో పార్టిషన్ స్కీమ్ దగ్గర ఎంబీఆర్ (పాత పద్ధతి) పెట్టండి, మీ బోర్డు పాత బయోస్‌తో స్టార్ట్ అయ్యే రకం. ఐఎస్ఓ (దించుకున్న మింట్ ఫైలు) ఎంచుకునే చోట పక్కనే టిక్ గుర్తు ఉంటుంది, నొక్కితే ఎస్‌హెచ్ఏ256 (ఫైలు సరిగా దిగిందా అని పోల్చే అంకెలు, అక్షరాల వరుస) లెక్కేసి చూపిస్తుంది, మింట్ సైట్‌లో ఇచ్చిన దాంతో సరిపోలిందా చూసుకోండి. పెన్‌డ్రైవ్ వెనకవైపు పోర్టులోనే పెట్టండి, ముందు పోర్టులకు పోయే వైరు పాతబడి ఉంటుంది.

విండోస్ 11 ఎలాగోలా వేయొచ్చు కదా అని మీ పోస్టు కింద ఎవరో రాశారు. 24హెచ్2 అనే వెర్షన్ నుంచి దానికి ప్రాసెసర్‌లోనే పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉండాలి, కోర్ 2 డ్యుయోలో అది లేదు, ఏ ట్రిక్ వాడినా బూట్ కాదు. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 7లో క్రోమ్ బ్రౌజర్ 109 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. మీకు మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ (మింట్‌లో తేలికైన రకం) సరైన దారే, 2 జీబీతో నడుస్తుంది గానీ ట్యాబులు నాలుగు తెరిస్తే మూలుగుతుంది, 4 చేసుకుంటే హాయి.

మీరు ముందు రబ్బరు పని చేసి, తర్వాత ఒక్కో ర్యామ్‌కూ మెమ్‌టెస్ట్ నడిపి, ఏ ర్యామ్ ఏ స్లాట్‌లో ఉన్నప్పుడు ఏం వచ్చిందో ఇక్కడ రాయండి. రెండూ శుభ్రంగా పాసైతే అప్పుడు డిస్క్ స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) ఎలా తీయాలో చెప్తా.