పేరు కొట్టిన గుండిగ

అమ్మాయీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. 1944లో ఇటలీలోని ఫ్లోరెన్స్ ఊరి పిట్టీ ప్యాలెస్ మ్యూజియం వాళ్ల పూల పటాన్ని జర్మన్ సైనికులు ఎత్తుకెళ్లడం గురించి మన తెలుగమ్మాయి ఎందుకు రాయాలని నీ స్నేహితులు అడిగారట. నాకా అభ్యంతరం లేదు. నా పేచీ వేరే.

ఆరు పేజీల కథలో 'అమూల్య కళాఖండం' అనే మాట తొమ్మిదిసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. ఆ పటం ఎంత ఉంటుందో మాత్రం ఎక్కడా లేదు. 47 సెంటీమీటర్ల ఎత్తు, 35 వెడల్పు. మన దినపత్రిక పేజీ కన్నా కాస్త చిన్నది. చంకలో పెట్టుకుని పోవచ్చు. పెద్ద పటమైతే లారీ కావాలి, పైఅధికారి కాగితం కావాలి, నలుగురు మోయాలి. దీనికి ఒక్క మనిషి చాలు. నీ కథ మొత్తం ఈ కొలతలోంచే పుట్టాలి కదమ్మా, దాన్ని వదిలేసి విశేషణాలు పట్టుకున్నావేం?

ఇంకొకటి. నీ సైనికుడు మ్యూజియంలోకి బూట్లు టకటకలాడిస్తూ వచ్చి, గోడ మీంచి పటం లాగేసి, మన పాత సినిమా విలన్‌లా నవ్వాడు. కానీ ఆ పటం అప్పటికి నాలుగేళ్ల కిందటే గోడ దిగింది. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే ప్యాలెస్ మూసేసి, పటాలను ఊరి బయటి విల్లాలకు చేర్చారు. ఇది ముందు పొజ్జో ఎ కయానోలో, 1943 నుంచి బోస్సి పుచ్చి అనే విల్లాలో పెట్టెలో ఉంది. 1944లో జర్మన్ సైన్యం వెనక్కి తగ్గుతూ ఆ పెట్టెలను ఉత్తరాన బొల్జానో వైపు తరలించింది. ఆ గందరగోళంలో ఇది మాయమైంది. తర్వాత బయటపడిందేమిటంటే, ఒక సైనికుడు దీన్ని ఇంటి దగ్గరున్న భార్యకు కానుకగా పంపాడు. అంతే. ఊరెళ్లినవాడు ఇంటికి చీరో బొమ్మో పంపినట్టు! ఈ ఒక్క సంగతి ముందు నీ విలన్ నవ్వు తేలిపోతుంది.

ఇక్కడ నా ఇంటి గొడవ ఒకటి చెప్పాలి. మా అమ్మ దగ్గర ఒక ఇత్తడి గుండిగ ఉండేది. సంక్రాంతికి పరమాన్నం అందులోనే. పదేళ్లప్పుడు దాన్ని చింతపండు పెట్టి తోముతుంటే అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు కనిపించింది. మా ఇంటిపేరు కాదు. అమ్మనడిగితే, "ఎవరి పెళ్లిలోనో మారిపోయిందిలేరా" అంది. మరి మనదో? "వాళ్ల దగ్గరే ఉండుంటుంది." ఎవరి పెళ్లి, వాళ్లెవరు అని ఇంకెవరూ అడగలేదు. ఆ పేరుగలవాళ్లు రెండు వీధుల అవతలే ఉన్నారని నాకు తర్వాత తెలిసింది. తెలిశాక కూడా ఇవ్వలేదు. మొదట మొహమాటం, తర్వాత బద్ధకం, ఆ తర్వాత అది మాదే అయిపోయింది. అమ్మ పోయి ఇరవై ఏళ్లయింది. గుండిగ ఇప్పుడు నా అటక మీద ఉంది.

నేను దొంగనని చెప్పుకోవడం నా ఉద్దేశం కాదు, అది వేరే లెక్క. గుండిగ మారడం పొరపాటు, ఆక్రమించిన దేశంలోంచి పటం పట్టుకెళ్లడం నేరం. రెంటినీ ఒక్క గాటన కట్టకు. కానీ ఎత్తుకెళ్లడం ఒక్క మధ్యాహ్నం పని, ఉంచుకోవడం తరాల పని. నువ్వు ఆ మధ్యాహ్నం మీదే ఆరు పేజీలూ ఖర్చుపెట్టావు. మిగతా 75 ఏళ్లకు చివరి పేరాలో ఒక్క వాక్యం!

ఆ ఏళ్లలో ఏముందో చూడు. పటం సంగతి మళ్లీ వినపడింది 1991లో, రెండు జర్మనీలు కలిసిన కొత్తలో. ఆ తర్వాత మధ్యవర్తులు వచ్చి, డబ్బిస్తే ఇప్పిస్తామని ఇటలీని అడుగుతూ వచ్చారు. ఎవరి సొమ్ము ఎవరికి అమ్మడం! పిట్టీ ప్యాలెస్‌ను కూడా చూసుకునే ఉఫీజీ మ్యూజియం అప్పటి డైరెక్టర్ ఐకె ష్మిట్ 2019 జనవరిలో ఒక పని చేశాడు. పటం ఉండాల్సిన చోట దాని నలుపు తెలుపు ఫొటో తగిలించి, దాని మీద ఇటాలియన్, ఇంగ్లీష్, జర్మన్ భాషల్లో 'దొంగిలించబడింది' అని రాయించాడు. ఆయన పుట్టుకతో జర్మన్. నీ కథలో ఈ మనిషి లేనే లేడు. దానికి బదులు ఏడ్చే క్యూరేటర్‌ను పెట్టావు. తన దేశం వాళ్ల తప్పును తన మ్యూజియం గోడకు తన భాషలోనే రాయించిన మనిషి దొరికితే ఎవరైనా వదులుకుంటారా? అదే ఏడాది జులై 19న జర్మనీ విదేశాంగ మంత్రి స్వయంగా వచ్చి పిట్టీ ప్యాలెస్‌లో పటం అప్పగించాడు.

చిత్రకారుడి గురించి కూడా ఒక మాట. యాన్ వాన్ హేసమ్, ఆమ్‌స్టర్‌డామ్ వాడు, 1749లో పోయాడు. 'దైవదత్తమైన కుంచె' అన్నావు. ఆయన నిజం పూవును ఎదురుగా పెట్టుకుని వేసేవాడు. పసుపు గులాబీ ఒకటి దొరకలేదు, లేకపోతే పటం పూర్తయ్యేదని 1742లో ఒకరికి ఉత్తరం రాసుకున్నాడు. నీ దైవదత్తం కొట్టేసి ఆ గులాబీని పెట్టు. పూల సంతలో మనిషి ఒక పువ్వు కోసం తిరగడం నువ్వు రోజూ చూసేదే, రాయడానికి టెన్షన్ పడక్కర్లేదు.

నాకు బాగా ఇబ్బంది అనిపించిన చోటు నాలుగో పేజీ. పటం పోయిందని ఊరంతా శోకాలు పెట్టినట్టు రాశావు. ఆ వేసవిలో అక్కడి జనానికి వేరే ఏడుపులున్నాయి. ఆగస్టు మొదటి వారంలో జర్మన్లు ఫ్లోరెన్స్ వంతెనలను, పాత వంతెన ఒక్కటి తప్ప, పేల్చేశారు. ఆగస్టు 12న ఫ్లోరెన్స్ ఉన్న టస్కనీ ప్రాంతంలోనే సాంతన్నా ది స్తాజ్జెమా అనే కొండ ఊరిలో నాజీ దళాలు సుమారు 560 మందిని చంపాయి, పసిపిల్లలతో సహా. వీళ్లను తెచ్చి నీ కథలో అలంకారంగా వాడుకోమని నేననడం లేదు. అసలు తేవద్దేమో కూడా. కానీ వాళ్లున్నారని నీకు తెలిస్తే, పటం కోసం ఆ శోకం నీ చేత్తో నువ్వే కొట్టేస్తావు.

పటాన్ని ఉంచుకున్న ఆ జర్మన్ కుటుంబం పేరు వెతుక్కుంటూ కూర్చోకు. అది నీకు అనవసరం. నీ కథకు నీ ఇల్లు నువ్వే కట్టుకో. పటం ఏ గదిలో ఉంది, కింద ఏ బల్ల ఉంది, ఎవరు దుమ్ము దులిపేవారు, చుట్టాలొచ్చి "ఎక్కడ కొన్నారు?" అంటే ఏం చెప్పేవారు. మొదటిసారి ఎవరు అడిగారు, పిల్లాడా, కొత్త కోడలా? వాళ్లకేం జవాబొచ్చింది? అక్కడ మొదలుపెట్టు. సైనికుడు మూడు వాక్యాల్లో వచ్చి వెళ్లిపోతాడు.

రెండో ప్రతి దసరా లోపల పంపు. గుండిగ సంగతి నీ కథలో పెట్టకు, అది నేను రాసుకోవాలి. ఆ వీధిలో వాళ్ల మనవడు ఇంకా ఉన్నాడట, ఆదివారం వెళ్దామనుకుంటున్నాను. ఏం చెప్పి మొదలుపెట్టాలో తోచడం లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు