వెలుగుల కంప్యూటర్ కడుతున్న మా చిన్నాకి

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడు నాలుగు కంపెనీల సామాను పోగేసుకున్నాడే, అన్నీ ఒకే రంగులో ఒకేసారి వెలగాలట, తిండి కూడా సరిగ్గా తినట్లేదు" అంది. తిట్టినట్టే మాట్లాడింది గానీ గొంతులో మురిపెం దాగలేదు. నాకూ అంతే. ఇన్నేళ్లు ఎవరెవరి కంప్యూటర్లనో విప్పి బిగించాను, మన ఇంట్లో ఇంకొకడు స్క్రూడ్రైవర్ పట్టాడంటే సంతోషం ఉండదా? ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను.

తేలిక సంగతులు ముందు. ప్లగ్ పీకాకే లోపల చెయ్యి పెట్టు. మాన్యువల్ చదువు. ఎల్ఈడీ స్ట్రిప్ మీద బాణం గుర్తుంటుంది, సిగ్నల్ అటే పోతుంది, తిరగేసి తగిలిస్తే వెలగదు. ఇవి నీకు తెలిసినవే.

ఇక అసలు సంగతి. మదర్‌బోర్డుల మీద లైట్ల ప్లగ్గులు తగిలించే పిన్నుల వరసలుంటాయి, వాటినే హెడర్లంటారు. అవి రెండు రకాలు. నాలుగు పిన్నులున్నది 12 వోల్టులది. ఒక పిన్ను కరెంటుకి, తక్కిన మూడూ ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకి. దానికి తగిలించిన దీపాలన్నీ ఒకే రంగులో వెలుగుతాయి. మూడు పిన్నులున్నది 5 వోల్టులది, ఒక్కో దీపానికీ విడిగా రంగు చెప్పగలదు, దాన్నే ఏఆర్‌జీబీ అంటారు. అందులో ఒకటి కరెంటు, ఒకటి డేటా, ఒకటి గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి. ప్రతి దీపంలోనూ ఒక బుల్లి చిప్ ఉంటుంది. డేటా తీగలో వరసగా వచ్చేవాటిలో తన వంతు రంగు తీసుకుని మిగతాది పక్క దీపానికి అందిస్తుంది. ఇంద్రధనుస్సు పరిగెత్తినట్టు కనిపించేది అందుకే. పిన్నులు మూడే అయినా జాగా నాలుగింటిది, నడుమ ఒకటి ఖాళీ. అందువల్ల రెండు హెడర్లూ అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి, మీ అమ్మా నేనూ ఉన్నట్టు. మా ఇద్దరిలో ఒకరికి చెప్పాల్సింది ఇంకొకరికి చెబితే ఏమవుతుందో నీకు తెలుసుగా!

నీకు ఏడేళ్లప్పుడు మీ ఇంట్లో కంప్యూటర్ బిగించింది నేనే. ఆరు ఏఆర్‌జీబీ ఫ్యాన్లు తెచ్చాను. తీరా చూస్తే ఆ పాత బోర్డు మీద ఉన్నది 12 వోల్టుల హెడరొక్కటే. వోల్టులు చూడాలన్న ఆలోచనే రాలేదు. ఫ్యాన్ల ప్లగ్ పట్టి చూస్తే నాలుగు రంధ్రాల్లో ఒకటి ప్లాస్టిక్‌తో పూడి ఉంది. తయారీలో లోపమనుకున్నాను. అప్పటికే పదేళ్ల అనుభవం, చూశావూ, అనుభవం ఉన్నవాళ్లకే ఇలాంటి ధైర్యాలొస్తాయి. సూది ఎర్రగా కాల్చి ఆ రంధ్రం పొడిచేశాను. ప్లగ్ చక్కగా కూర్చుంది. ఆ రంధ్రం మూసిందే నాలాంటివాళ్లు అక్కడ పెట్టకుండా ఉండాలని!

నువ్వు స్టూలెక్కి గోడ మీది స్విచ్ దగ్గర నిలబడ్డావు. నేను ఊఁ అనగానే గదిలో లైటు ఆర్పడం నీ డ్యూటీ. ఆర్పావు. నేను పవర్ బటన్ నొక్కాను. ఆరు ఫ్యాన్లూ ఒక్కసారి ధగ్గుమన్నాయి. అంతే, మళ్లీ చీకటి. కాలిన ప్లాస్టిక్ వాసన. మోటారు తీగ వేరు, దీపాల తీగ వేరు కాబట్టి ఫ్యాన్లు మాత్రం ఆ చీకట్లో గుయ్యిమని తిరుగుతూనే ఉన్నాయి. నాకు కాళ్లు ఆడలేదు. నువ్వేమో చప్పట్లు కొట్టి, "ఇంకోసారి పిన్నీ, ఇంకోసారి!" అన్నావు.

మర్నాడు మళ్లీ అడిగితే, ఈ ఫ్యాన్లు పుట్టినప్పుడు ఒక్కసారే వెలుగుతాయిరా అని చెప్పాను. నమ్మావు. స్కూల్లో ఫ్రెండ్స్‌కి కూడా అదే చెప్పి వాళ్లతో వాదించావట. ఇన్నేళ్లకి ఒప్పుకుంటున్నాను, అబద్ధం. మీ అమ్మకి ఇప్పటికీ తెలీదు, ఈ ఉత్తరం చూపించకు. బోర్డు బతికిందంటే అది మన అదృష్టం, నా తెలివి కాదు.

కాబట్టి ప్లగ్ మొరాయిస్తే బలవంతం చెయ్యకు, సూదులూ కత్తెరలూ దగ్గర పెట్టుకోకు. బోర్డు మీద ఈ 5 వోల్టుల హెడర్ పేరు కంపెనీకో తీరు. ఎంఎస్‌ఐ వాళ్లు జెరెయిన్‌బో అంటారు, గిగాబైట్ వాళ్ల పాత బోర్డుల్లో డి‌ఎల్ఈడీ అని ఉంటుంది, ఆసుస్ వాళ్లు యాడ్ జెన్ అంటారు. పేరు వదిలెయ్, పక్కన ఎన్ని వోల్టులో చూడు. చూశాక ఫోటో తీసి నాకు పంపు. నవ్వుకున్నా సరే, పంపు.

కరెంటు లెక్క కూడా వెయ్యి. ఏఆర్‌జీబీ హెడర్ సాధారణంగా 3 ఆంపియర్ల దాకా ఇస్తుంది. దీపానికి గరిష్ఠంగా 60 మిల్లీఆంపియర్లు అని నేను లెక్కేస్తాను. ఫ్యాన్‌కి 12 దీపాల చొప్పున ఆరు ఫ్యాన్లంటే 72, అంటే 4 ఆంపియర్లు దాటిపోయింది. తెల్లరంగు పూర్తి వెలుగులో పెడితేనే అంత లాగుతాయనుకో, అయినా నా మనసు ఒప్పుకోదు. పవర్ సప్లై నుంచి శాటా అనే తీగతో కరెంటు తీసుకునే హబ్ వాడు, ఫ్యాన్ల దీపాల తీగలన్నీ దానికే తగిలించాలి. అది బోర్డు నుంచి డేటా మాత్రమే తీసుకుంటుంది. హబ్‌తో రిమోట్ కూడా వస్తే దాన్ని మదర్‌బోర్డు మోడ్‌కి మార్చాలి. లేకపోతే అది రిమోట్ మాటే వింటుంది, నువ్వు సాఫ్ట్‌వేర్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం ఉండదు.

లైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ దగ్గరే అందరికీ బుర్ర తిరిగేది. ఆసుస్‌కి ఆరా సింక్, ఎంఎస్‌ఐకి మిస్టిక్ లైట్, గిగాబైట్‌కి ఆర్‌జీబీ ఫ్యూజన్, ఎస్‌రాక్‌కి పాలిక్రోమ్, కోర్సెయిర్‌కి ఐక్యూ. ఎవరి రాజ్యం వాళ్లది. అన్నీ వేసుకుంటే ర్యామ్ లైట్లు పిచ్చి పట్టినట్టు మిణుకుమంటాయి. ర్యామ్ దీపాలకి ఆజ్ఞలు వెళ్లేది ఎస్ఎంబస్ అనే సన్న దారిలో, ఇద్దరు ఒకేసారి దాంట్లో దూరితే తోపులాటే. పైగా ర్యామ్ తన పుట్టుపూర్వోత్తరాలు రాసుకునే ఎస్‌పీడీ చిప్ ఉండేదీ ఆ దారిలోనే. అందులో రాత చెడితే కంప్యూటర్ ఆన్ కాకపోవచ్చు. అందుకే పెత్తనం ఒక్కరికే ఇవ్వు. మిగతావి వస్తువుల లోపలి ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కోసం ఒకసారి వేసి, పనయ్యాక తీసెయ్.

ఎవరికివ్వాలంటే, నా ఓటు ఓపెన్ఆర్‌జీబీకి. ఓపెన్ సోర్స్, లైనక్స్‌లోనూ నడుస్తుంది. నీ వస్తువులన్నీ దాని జాబితాలో ఉన్నాయో లేదో ముందే చూసుకో. ఎఫెక్టుల మీద మోజుంటే సిగ్నల్‌ఆర్‌జీబీ ఉంది. విండోస్ 11లో 2023 నుంచి డైనమిక్ లైటింగ్ అని సొంతంగానే ఒకటి పెట్టారు, కాకపోతే దానికి తగ్గట్టు చేసిన వస్తువులే దాని మాట వింటాయి. ఏది వేసినా, ఒకదాని వెనక ఒకటి గొలుసుగా తగిలించిన ఫ్యాన్లలో మొత్తం ఎన్ని దీపాలున్నాయో అంకె నువ్వే ఇవ్వాల్సి రావచ్చు. తక్కువ ఇస్తే చివరి ఫ్యాన్లు చీకట్లో కూర్చుంటాయి. అప్పుడు కాలిపోయాయని నాలా గుండె పట్టుకోకు, ముందు అంకె సరిచూడు.

విన్‌రింగ్‌జీరో అనే, హార్డ్‌వేర్‌తో మాట్లాడే డ్రైవర్‌ని ఇలాంటి సాఫ్ట్‌వేర్లు చాలా కాలం వాడాయి. అందులో భద్రతా లోపం ఉంది. 2025లో విండోస్‌లోని యాంటీవైరస్ డిఫెండర్ దాన్ని పట్టుకోవడం మొదలుపెట్టింది. అలాంటి హెచ్చరిక వస్తే డిఫెండర్ నోరు మూయించకు, సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ ఉందేమో చూడు.

రంగుల విషయంలో ఒకటి ముందే చెబుతున్నా, తర్వాత నిరాశపడకు. అన్నిటికీ ఒకే తెలుపు ఇచ్చినా ర్యామ్ మీద నీలం ఛాయ, ఫ్యాన్ల మీద గులాబీ ఛాయ కనిపించవచ్చు. దీపాలు ఒక చోట తయారైనవి కావుగా. నారింజ ఇంకా మొండిది. ఒక్కో వస్తువుకీ రంగుల అంకెలు విడిగా సవరించుకుంటూ కూర్చోవాలి. నేనైతే ముదురు నీలం పెట్టి, వెలుగు సగానికి తగ్గించి వదిలేస్తాను. నీ వయసులో ఇది ఎవరు వింటారులే.

ఆదివారం బిగించు, నేను వస్తాను. తీగలన్నీ నువ్వే తగిలించు, నేను వేలు పెట్టను. నువ్వు పవర్ బటన్ దగ్గర ఉండు, నేను గోడ మీది స్విచ్ దగ్గర నిలబడతాను.

మీ పిన్ని

రాయడం మరిచాను: పాత పవర్ సప్లై తీగలు కొత్తదానికి వాడకు. ప్లగ్ సరిపోయినా లోపల తీగల వరస కంపెనీకో రకం. సరిపోయిన ప్లగ్‌ని నమ్మితే ఏమవుతుందో పైన రాశాగా.