ఈటె, ఉచ్చులతో అడవి పందిని కొట్టొచ్చా? - సమాధానం

ఇక్కడ ఆయుధం ఏదన్నది లెక్కలోకి రాదు. సిద్ధవటం దగ్గర మీ శనక్కాయ చేను తవ్వేస్తున్న పందులను తుపాకీ లేకుండా ఈటెతో, ఉచ్చుతో కొడితే కేసు ఉండదని ఎవరో చెప్పారన్నారు. అది తప్పు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో చంపడమే కాదు, ఉచ్చు పన్నడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే.

1. అందరూ వదిలేసేది ఆ చట్టం సెక్షన్ 11 కింద వేటకు అనుమతిచ్చే రాతపూర్వక ఉత్తర్వు. అడవి పంది చట్టంలోని రెండో షెడ్యూల్‌లో (రక్షిత జంతువుల జాబితాలో) ఉంది కాబట్టి, పైరు పాడవుతుంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల పెద్ద అధికారి) గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ ఇవ్వొచ్చు. ఎవరో నోటిమాటగా "కానీయండి" అంటే చెల్లదు. కాగితం చేతికొచ్చాకే, అందులో రాసిన చోటే.

2. మీ దగ్గర్లోని లంకమల్ల అభయారణ్యం హద్దు ఎక్కడో ముందే కనుక్కోండి. లోపల వేటాడితే కనీసం 3 ఏళ్ల జైలు.

3. చచ్చిన పంది ప్రభుత్వ ఆస్తి. కూర వండుకోకూడదు.

4. కరెంటు తీగ అసలు వద్దు. రాత్రిపూట నీళ్లు కట్టడానికి పోయే మనుషుల ప్రాణాలు పోతాయి.

పాసుపుస్తకం జిరాక్స్, పైరు ఫొటోలతో అటవీ రేంజ్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి.