ప్లానులో పదహారు అడుగులు, నేల మీద పది

ప్రశ్న: మా ఊళ్లో ఒక కొబ్బరి తోటను 2006లో ప్లాట్లు వేసి అమ్మారు. పంచాయతీ అప్రూవల్ లేదు. దస్తావేజుకు జత చేసిన ప్లానులో 16 అడుగుల ఉమ్మడి రాస్తా ఉంది. మాది వెనక ప్లాటు. ముందు ప్లాటాయన దక్షిణం వైపు రాస్తాలోకి 6 అడుగులు జరిగి పునాది తీశారు. అడిగితే ‘నడవడానికి పదడుగులు చాలవా?’ అంటున్నారు.
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: చాలతాయా లేదా అన్నది లెక్కలోకి రాదు. ఏళ్ల తరబడి వాడుకతో వచ్చిన దారికైతే వాడినంత వెడల్పే హక్కు. దస్తావేజుతో ఇచ్చిన దారికి కాగితంలో రాసిందే వెడల్పు, ఇన్నాళ్లూ మీరు సైకిలు మీదే వెళ్లొచ్చినా సరే.

ముందు ఆయన దస్తావేజు నకలు తీయండి. అమ్మకం దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఎవరడిగినా ఇస్తారు. నంబరు తెలియకపోతే సర్వే నంబరు మీద ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయండి. దక్షిణం హద్దుగా ‘ఉమ్మడి రాస్తా’ అని ఉందా, విస్తీర్ణం ఎంత అన్నవి చూడండి. 40 × 60 అడుగుల ప్లాటైతే 266 చదరపు గజాల 6 చదరపు అడుగులు. 40 అడుగుల వైపు రాస్తాకు ఉండి, అటు ఆరడుగులు జరిపితే 293 గజాల 3 అడుగులవుతుంది. పెరిగిన ఆ 26 గజాల 6 అడుగులు ఆయన ఎవరి దగ్గర కొన్నట్టు? మీ దస్తావేజు షెడ్యూలులో రాస్తా మాట లేకుండా ప్లానులో గీత మాత్రమే ఉంటే కేసు కొంత బలహీనమే. అప్పుడు అదే ప్లానుతో అమ్మిన మిగతా ప్లాట్ల దస్తావేజులు కూడా పోగు చెయ్యాలి.

చాలామంది బోల్తా పడేది సర్వే దగ్గర. ఎఫ్-లైన్ కొలతకు (ప్రభుత్వ సర్వేయరు చేత హద్దులు కొలిపించడానికి) పెడితే సర్వేయరు ‘ఎఫ్ఎంబీలో (సర్వే శాఖ కొలతల పుస్తకంలో) దారి లేదు’ అంటారు, అవతలివాళ్లు అదే పట్టుకుంటారు. ఎఫ్ఎంబీలో ఉండేది సర్వే నంబరు, సబ్ డివిజన్ గీతలు. ప్రైవేటు ప్లానులోని రాస్తా దానంతటది అందులోకి ఎక్కదు. సర్వేయరు చేత బయటి హద్దు రాళ్లు తేల్చించుకుని, అక్కడి నుంచి ప్లాను కొలతలు లాగించండి. బోదె గట్టు నుంచి టేపు పడితే ఆ కొలత నిలవదు. పూడిక తీసినప్పుడల్లా గట్టు అటో ఇటో జరుగుతుంది.

గోడ లేవకముందే కదలండి. పునాది దశలోనైతే పని ఆపమని కోర్టులో తాత్కాలిక ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) అడగొచ్చు. స్లాబు పడ్డాక కూల్చమని అడగాలి, ‘ఇన్నాళ్లూ చూస్తూ ఊరుకున్నారుగా’ అన్న మాట పడాలి. దావాతో పాటే సర్వేయరు సాయంతో కొలిచేలా అడ్వొకేట్ కమిషనర్‌ను (స్థలం చూసి నివేదిక ఇవ్వడానికి కోర్టు పంపే లాయరును) వెయ్యమని దరఖాస్తు పెట్టండి.

ప్రశ్న: అందరూ ప్లాట్లు మెరక చేసుకున్నారు, మా దారి పల్లమైపోయింది. వానాకాలం మోకాలి లోతు నీళ్లు. మేం మట్టి తోలుకుంటే దారి స్థలం సొంతదారు ఒప్పుకోవడం లేదు.
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: దారి హక్కున్నవాళ్లు దాన్ని వాడుకోవడానికి అవసరమైన పనులు చేసుకోవచ్చని 1882 నాటి ఈజ్‌మెంట్ (ఇతరుల స్థలం మీద దారి లాంటి వాడుక హక్కుల) చట్టమే చెబుతోంది. ఖర్చు మాత్రం మీది, సొంతదారుకు వీలైనంత తక్కువ ఇబ్బంది కలగాలి. 16 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు, ఒక అడుగు ఎత్తు అంటే 1,600 ఘనపుటడుగులు, అంటే వందకొకటి చొప్పున 16 యూనిట్లు. వదులు మట్టి అణిగిపోతుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే తోలించాలి. ఒట్టి రేగడి పోస్తే మొదటి వానకే బురద, పైపొర గ్రావెల్ వెయ్యండి. అడ్డంగా తూము వెయ్యడం మర్చిపోవద్దు. నీళ్లు పక్కవాళ్ల పెరట్లోకి మళ్లితే తగువు మీ మెడకే చుట్టుకుంటుంది.

ప్రశ్న: అన్నదమ్ముల పంపకాల్లో నాకు వెనక చేను వచ్చింది. పంపకాల కాగితంలో దారి రాయలేదు. కోత మిషను వెళ్లే దారి లేదు.
– ఒక రైతు, మండపేట

జవాబు: పంపకంలో వచ్చిన చేనుకు వేరే దారే లేకపోతే అన్నదమ్ముల చేలోంచి అవసరపు దారి అడగొచ్చు. ఎటునుంచి ఇవ్వాలో ఎంచుకునేది వాళ్లు, కానీ అది మీకు వీలుగా ఉండాలి. పుంత (ఊరి ఉమ్మడి బండిదారి) మీదుగా చుట్టు తిరిగైనా వెళ్లే దారి ఉంటే ఈ హక్కు రాదు. తర్వాతెప్పుడైనా రోడ్డు వైపు చేను కొని అటునుంచి దారి కుదిరినా ఇది పోతుంది. అందుకే కోర్టుకెళ్లేలోపు వెడల్పు అడుగుల్లో రాసి, స్కెచ్ జత చేసి, దారి హక్కు దస్తావేజు రిజిస్టరు చేయించుకోడానికి ఒకసారి కూర్చుని మాట్లాడండి.