‘హివార్’ పత్రిక, దాని వెనుక సొమ్ము

ప్రశ్న: మా ఊరి బ్రౌన్ గ్రంథాలయంలో పాత ‘భారతి’ సంచికలు చదువుతుంటాను. అరబ్బీలోనూ అటువంటి సాహిత్య పత్రికలు ఉండేవనీ, వాటిలో ఒకటి అమెరికా గూఢచారి సంస్థ డబ్బుతో నడిచిందనీ విన్నాను. ఇది నిజమేనా? నిజమైతే అందులో అచ్చయిన రచనలను ఎలా చూడాలి?
— ఒక పాఠకురాలు, ఎర్రముక్కపల్లి, కడప

జవాబు: నిజమే. ఆ పత్రిక పేరు ‘హివార్’, అంటే సంభాషణ. పాలస్తీనా కవి తౌఫీక్ సాయిగ్ సంపాదకుడుగా 1962లో బేరూత్‌లో మొదలై 1967లో ఆగిపోయింది.

అంతకు ముందు తరంలో అరబ్బీ పత్రికలకు కైరో కేంద్రంగా ఉండేది. అహ్మద్ హసన్ అల్ జయ్యాత్ 1933లో స్థాపించిన ‘అర్రిసాలా’, అహ్మద్ అమీన్ 1939 నుంచి నడిపిన ‘అస్సఖాఫా’ రెండూ 1953లో ఆగిపోయాయి. ఆ ఏడాదే సుహైల్ ఇద్రీస్ బేరూత్‌లో ‘అల్ ఆదాబ్’ ప్రారంభించి, రచయిత తన జాతి విముక్తికి కట్టుబడి ఉండాలని వాదించాడు. దీనికి వారు వాడిన ‘ఇల్తిజామ్’ అన్న మాటకు మన సాహిత్య చర్చల్లోని ‘నిబద్ధత’ సరిగ్గా సరిపోతుంది. 1957లో యూసుఫ్ అల్ ఖాల్ స్థాపించిన ‘షిఅర్’ పత్రిక, అదోనిస్ వంటి కవులను వెంటబెట్టుకొని, కవిత్వానికి రాజకీయాల నుంచి స్వేచ్ఛ కావాలంది. ఈ రెండు పక్షాల వాగ్వాదం సాగుతున్న కాలంలోనే ‘హివార్’ వచ్చింది.

దానికి డబ్బు ఇచ్చింది ‘కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్’ అనే సంస్థ. 1950లో బెర్లిన్‌లో పుట్టి పారిస్ నుంచి పనిచేసిన ఈ సంస్థే లండన్‌లో ‘ఎన్‌కౌంటర్’ పత్రికను నడిపించింది. 1955లో బొంబాయిలో మొదలైన ‘క్వెస్ట్’ పత్రిక దాని భారతీయ శాఖది. ఆ సంస్థకు సీఐఏ సొమ్ము అందుతోందని 1966లో ‘న్యూయార్క్ టైమ్స్’ బయటపెట్టింది. ‘హివార్’ మీద ముందునుంచే అనుమానాలుండేవి. ఈజిప్టు కథకుడు యూసుఫ్ ఇద్రీస్ ఆ పత్రిక ప్రకటించిన బహుమతిని తిరస్కరించాడు. చివరికి సాయిగ్ పత్రికను మూసివేసి, అమెరికా వెళ్ళి, 1971లో బర్క్‌లీలో మరణించాడు.

ఇక మీ రెండో ప్రశ్న. సూడాన్ రచయిత తయ్యిబ్ సాలిహ్ రాసిన ‘ఉత్తరానికి వలసకాలం’ నవల మొదట వెలువడింది 1966లో, ఈ ‘హివార్’లోనే. వలస పాలన ముగిసిన తరువాత కూడా అది మనుషుల లోపల ఎట్లా మిగిలి ఉంటుందో అంత నిర్దయగా చూపిన నవలను, అచ్చువేసిన పత్రికకు డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్న కారణంతో పక్కన పెట్టడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. రచయిత ఆ సొమ్ము కోసం ఒక వాక్యమైనా మార్చినట్టు నాకు తెలియదు. అయితే పత్రిక పోషకులను మాత్రం నేను క్షమించలేను. సహాయం చేయడంలో తప్పు లేదు. దాచడంలో ఉంది, ఎందుకంటే తాము ఎవరి పందిట్లో కూర్చొని మాట్లాడుతున్నారో రచయితలకు గానీ, ఎవరి సొమ్ముతో అచ్చయినది చదువుతున్నారో పాఠకులకు గానీ తెలియనివ్వలేదు.

మీరు చదివే ‘భారతి’నే చూడండి. 1924లో దానిని స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు అమృతాంజనం అధిపతి అన్న సంగతి ఆనాటి పాఠకులందరికీ తెలుసు; పత్రికతో విభేదించదలచినవారు ఆ సంగతి తెలిసే విభేదించారు. ‘హివార్’ రచయితలకూ పాఠకులకూ ఆ అవకాశం 1966 దాకా దక్కలేదు.