మొహమాటం లేకుండా చెప్పమంటే చెప్తా

ప్రశ్న: ఏ నవల గురించి అడిగినా మీరు 'తప్పక చదవాలి' అనే రాస్తారు. ఈ మధ్య చదివినవాటిలో నిజంగా నచ్చిందేది, విసుగొచ్చిందేది? పెద్ద పేర్లు చూసి జంకకుండా చెప్పండి.
– ఒక పాఠకురాలు, చీరాల

జవాబు: జంకేం లేదండీ, కాకపోతే తిడుతూ ఉత్తరాలొస్తాయి. రానివ్వండి. ఈ వేసవిలో కొత్తవి పక్కనపెట్టి, అందరూ గొప్పవనే పాత నవలలే మళ్లీ తీశాను. అన్నిట్లోకీ నచ్చింది డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'. 1957లో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో సీరియల్‌గా వచ్చింది. విశాఖపట్నంలో ఒక ఇల్లు, మేడ మీద గదిలో మెడిసిన్ చదివే ప్రకాశం, కింద ఇందిర, ఆమె తండ్రి, వాళ్లతోపాటు చదువుకుంటున్న కల్యాణి, వచ్చిపోయే కృష్ణమూర్తి. ఇంతే సరుకు. కల్యాణి మంచిపిల్ల, కష్టాల్లో ఉంది, మన నవలల లెక్క ప్రకారం కథ ఆమెదే కావాలి. కానీ ఇందిర గదిలోకి అడుగుపెడితే చాలు, మిగతావాళ్లంతా గోడవారకి జరిగిపోతారు. ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంది, తనకేం కావాలో తనే నోరు తెరిచి అడుగుతుంది, అడిగితే దొరకనిది లాక్కోవడానికీ వెనకాడదు. స్వార్థపరురాలే. రచయిత్రి ఆ సంగతి దాచదు, అలాగని శిక్షా వెయ్యదు. ఆ రోజుల్లో ఇలాంటి అమ్మాయికి చివరి అధ్యాయంలో క్షయో, నుయ్యో, కాళ్ల మీద పడి ఏడవడమో రాసిపెట్టి ఉండేది. ఇందిరకి అవేం లేవు. ఇంట్లో పెద్దవాళ్లు గట్టిగా ఒక మాట అంటే నీరుగారిపోయే ప్రకాశాన్ని వదిలేసుకుని, కృష్ణమూర్తి ఎలాంటివాడో బాగా తెలిసే అతన్ని చేసుకుంటుంది, ఏడుస్తూ కాదు, లెక్క చూసుకుని. నాకు నవలలో కావాల్సింది ఇదే: పాత్రని పుట్టించాక రచయిత పక్కకి తప్పుకోవాలి. వకాల్తా పుచ్చుకోకూడదు, తీర్పూ చెప్పకూడదు.

లోపం లేదా అంటే ఉంది. కల్యాణికి డాక్టర్ చక్రవర్తి దొరకడం మరీ తేలిగ్గా తెమిలిపోయింది, ఆ పిల్ల మీద జాలితో రచయిత్రి అక్కడ కొంచెం చెయ్యి వేసిందనిపిస్తుంది. దీని ఆధారంగా 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా వచ్చింది, అది చూసి ఈ కథ తెలుసనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకి ఇందిర తెలియదు. శ్రీదేవి 1961లోనే, చిన్న వయసులో పోయారు. రాసిన నవల ఇదొక్కటే. తల్చుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఇక విసుగు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'. హమ్మయ్య, అనేశాను. వాక్యాలు చూస్తే ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలి. తల్లి మీద ఊరు వేసిన నింద కొడుకు కంటే ముందే ప్రతిచోటికీ వెళ్లి కూచుంటుంది చూడండి, దయానిధి చదువులోకీ, పెళ్లిలోకీ, చివరికి స్నేహాల్లోకీ, ఆ భాగం తెలుగులో ఇంకెవరూ అలా రాయలేదు. కానీ కోమలి, అమృతం, సుశీల, నాగమణి, పెళ్లాం ఇందిర, ఇంతమంది ఆడవాళ్లు ఆ నవలలో ఏం చేస్తున్నారు? అందరూ దయానిధికి తనని తాను అర్థం చేసుకోవడంలో సాయం చేస్తున్నారు. అమృతానికి ఒంటరిగా ఉన్నప్పుడు ఏం ఆలోచనలొస్తాయో అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది, నవల మాత్రం నన్ను ఆవిడ దగ్గర ఆగనివ్వదు, అతగాడి వెంట లాక్కుపోతుంది. పైగా అతను ఏమీ చెయ్యకపోయినా అది లోతు కిందే జమ. రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్యని దీని పక్కన పెట్టి చూడండి. అతనూ భయస్తుడే, బావ కోసం కాంట్రాక్టరు గవరయ్య దగ్గర అప్పు తెచ్చి, తీర్చలేక కుళ్లి కుళ్లి చస్తాడు. రావిశాస్త్రి అతన్ని చూసి నవ్వుతాడు, జాలిపడతాడు, అంతేగానీ నెత్తికెత్తుకోడు. అందుకే సుబ్బయ్య మన ఆఫీసులో పక్క కుర్చీలో మనిషిలా ఉంటాడు, దయానిధి మాత్రం గోడ మీద ఫొటోలా ఉంటాడు.

ప్రశ్న: 'అంపశయ్య' ముప్పై, నలభై పేజీల దగ్గర ఆగిపోయాను. తప్పు నాదా, పుస్తకానిదా?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: మీ ఊరివైపు రచయిత నవలే కదా, అందుకని మొహమాటపడుతున్నట్టున్నారు. అక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెప్తాను: నవీన్ 1969లో తెచ్చిన నవల ఇది, ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో రవి అనే కుర్రాడు నిద్ర లేవడంతో మొదలై ఆ ఒక్కరోజుతో అయిపోతుంది, కథంతా అతని బుర్రలో నడుస్తుంది. ఆ పేరే రచయితకి ఇంటిపేరై కూచుంది. నాకు సగం నచ్చింది, సగం నచ్చలేదు. డబ్బు టెన్షన్ ఉన్నచోటల్లా నచ్చింది, ఊళ్లో తల్లిదండ్రుల పరిస్థితి తెలిసి, జేబులో ఏమీ లేకుండా, ఉన్నవాళ్ల పిల్లల మధ్య తిరిగే కుర్రాడి బుర్ర అలాగే ఉంటుంది, పైసా దగ్గర మొదలై అమ్మ దగ్గరికి పోయి, అక్కణ్ణించి ఎవరో అమ్మాయి దగ్గరికి పోయి, మళ్లీ పైసా దగ్గరికే వస్తుంది. అమ్మాయిల గురించి అదే ఊహ నాలుగోసారి వచ్చేసరికి నేనూ పేజీలు తిప్పాను. తిప్పితే పాపమేం లేదు. ఇంకోసారి ప్రయత్నించండి, ఈసారి కథ కోసం వెతక్కండి. అప్పుడూ కదలకపోతే లైబ్రరీలో ఇచ్చేసి రండి, ఎవరూ మార్కులు తగ్గించరు.

ప్రశ్న: మా అమ్మకి యద్దనపూడి, యండమూరి అంటే ప్రాణం, ఇక్కడికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో బట్టలు తగ్గించి మరీ తెచ్చుకుంది. మావారు అవి సాహిత్యమే కాదంటారు. ఇంట్లో రోజూ గొడవే. మీరెటు?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: నేను మీ అమ్మగారి వైపు, కానీ పూర్తిగా కాదు. యద్దనపూడి 'సెక్రటరీ' మొన్ననే మళ్లీ చదివాను. అల్లుడుగారు నవ్వే ముందు ఒక్క సంగతి చూడాలి. 1960లలో, ఒక మధ్యతరగతి అమ్మాయి ఇల్లు గడవడం కోసం ఉద్యోగానికి వెళ్తుంది, అక్కడ యజమాని ఎంత అందగాడైనా, ఎంత డబ్బున్నవాడైనా తన గౌరవం తను చూసుకుంటుంది. ఆ ధైర్యం ఎంతమంది ఆడపిల్లలకి పనికొచ్చి ఉంటుందో! జయంతి నాకిప్పటికీ నచ్చుతుంది. నచ్చనిది రాజశేఖరం. అతని విసుగు, చిరాకు, పొగరు అన్నీ చివరికి ప్రేమే అని తేల్చడం అప్పట్లో ఎలా ఒప్పుకున్నామో గానీ, ఇప్పుడు అలాంటివాణ్ణి మా పిల్ల చేసుకుంటానంటే నేను ఊరుకోను.

యండమూరి సంగతి వేరు. ఆయనకి పేజీ తిప్పించడం వచ్చు, అదేం చిన్న విద్య కాదు, మనవాళ్లు చాలామందికి రాదు కూడా. 'వెన్నెల్లో ఆడపిల్ల'లో ఒక అమ్మాయి చదరంగం ఆడే రేవంత్‌కి ఫోన్ చేసి, దమ్ముంటే నన్ను కనుక్కో అంటుంది. ఆ వెతుకులాట మొదటిసారి చదివినప్పుడు పొయ్యి మీద పాలు పొంగినా లేవం. ముగింపు తెలిశాక రెండోసారి చదివితేనే తంటా, ఆ అమ్మాయి రమ్యకి తనదంటూ బతుకు లేదు, హీరోనీ మననీ ఏడిపించడానికే పుట్టింది. నేను దయానిధి మీద పెట్టిన ఫిర్యాదే ఇదీ. అందుకని మీవారితో చెప్పండి, సాహిత్యం అనే అరలో ఉన్నవాటికీ లేనివాటికీ జబ్బు మాత్రం ఒకటేనట, మా పత్రికవాళ్లు రాశారు అని. గొడవ తగ్గకపోతే నన్ను అనకండి.

ప్రశ్న: 'వేయిపడగలు', 'పాకుడురాళ్లు'. రెంటికీ కలిపి చిన్న జవాబు చాలు.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: 'వేయిపడగలు'లో పసిరిక, గిరిక అనే పాత్రల కోసం ఎన్ని పేజీలైనా ఓర్చుకోవచ్చు. కథానాయకుడు ధర్మారావుతోనే నాకు పేచీ, ఎంతసేపు వాదించినా ఆయనే నెగ్గుతాడు, ఎందుకంటే ఎదటివాడికి మాటలు రాసిచ్చేది కూడా నవల రాసిన విశ్వనాథవారే. సంప్రదాయం మీద ఆయన అభిప్రాయాలు మీకు నచ్చాయా లేదా అన్నది వేరే సంగతి, నా బాధ నవల గురించి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే ఆంధ్రా యూనివర్సిటీ, బహుమతిని దీనికీ అడివి బాపిరాజు 'నారాయణరావు'కీ కలిపి ఇచ్చారు. ఆ రెండోదాన్ని ఇప్పుడు ఎవరూ తలవడం లేదు, వీలైతే అదీ చూడండి.

'పాకుడురాళ్లు' రాసిన రావూరి భరద్వాజకి 2012 సంవత్సరానికి జ్ఞానపీఠ్ ఇచ్చారు, సంతోషమే. నాటకాలాడే మంగమ్మ సినిమాతార మంజరి అయ్యేదాకా దించకుండా చదివాను. పైకొచ్చాక ఒకణ్ణి పడగొట్టడం, ఇంకొకణ్ణి పడగొట్టడం, అదే వరస. సీరియల్‌గా చదివినవాళ్లకి అది తెలియకపోయి ఉండొచ్చు, పుస్తకంగా చదివితే అలసట. కాకపోతే భరద్వాజ మంజరిని దేవతనీ చెయ్యలేదు, పతితనీ చెయ్యలేదు. ఆ ఒక్కదానికి మంచి మార్కులు వేస్తాను.

ప్రశ్న: పెద్ద నవలలు చదివే ఓపిక లేదు. ఒక్క కూర్చోవడంలో అయిపోయేది, మీకు లోపమే కనబడనిది ఒకటి చెప్పండి.
– ఒక బ్యాంకు ఉద్యోగి, మదనపల్లె

జవాబు: కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. రాసింది మీ ఉమ్మడి చిత్తూరు జిల్లా మనిషే, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేశారు, 2015లో పోయారు. పందుల్ని మేపుకునే ఒక ముసలివాడు, ఈనడానికి సిద్ధంగా ఉండి ఇంటికి రాని పంది, దాన్ని వెతుక్కుంటూ చీకటిపడే వేళ అడవిలోకి నడక. ముసలివాడికి పేరు కూడా పెట్టలేదు. అతని కులం గురించి, బీదరికం గురించి ఒక్క ఉపన్యాసం లేదు, అడుగుజాడ చూసి పంది ఎటు పోయిందో, ఎంత సేపటి క్రితం పోయిందో అతను పసిగట్టే తీరు మాత్రం ఉంది, దాన్నిబట్టే మనిషి మొత్తం తెలిసిపోతాడు. రచయిత ఎక్కడా అడ్డు రాడు. ఏం జరుగుతుందో నేను చెప్పను. పుస్తకంలో ముందుమాట ఉంటే అదీ చివర్లోనే చదవండి, కథంతా అక్కడే చెప్పేసే అలవాటు మనవాళ్లకి బాగా ఉంది.