మా వాడు మ్యూజియంలో పనిచేస్తానంటున్నాడు, అదీ ఒక ఉద్యోగమేనా?

కావలి నుంచి ఒక తల్లి రాశారు (పేరు, కాలేజీ వెయ్యట్లేదు). కొడుకు నెల్లూరు హాస్టల్లో ఉండి ఎంపీసీ సెకండియర్ చదువుతున్నాడు, సెలవులకి ఇంటికొచ్చినప్పుడు తనకి అబ్బాయిలంటేనే ఇష్టమని ఆమెకొక్కదానికే చెప్పాడంట. న్యూయార్క్‌లో ఒక మ్యూజియం తనలాంటి పిల్లల కోసం నడిపిన ఆర్ట్ క్లాసుల వీడియో చూపించి, నేను ఇట్టాంటి పనే చేస్తా, ఇంజనీరింగ్ వద్దు అన్నాడంట. బొమ్మల పిచ్చి వల్లే ఇట్టా అయ్యాడా, డాక్టర్‌కి చూపించాలా, ఆ పనికి జీతం ఉంటుందా అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, కంగారు పడబాకండి. బొమ్మలకీ దీనికీ సంబంధమే లేదు, పెన్సిల్ ముట్టని వాళ్ళలో కూడా ఇట్టాంటోళ్ళు బోలెడు మంది. జబ్బు కూడా కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల లిస్టులోంచి తీసేసింది, మార్చేస్తామని ట్రీట్‌మెంట్ చేసే డాక్టర్లది తప్పేనని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది, కాబట్టి అట్టాంటోళ్ళ దగ్గరికి పోయి డబ్బులు పోసుకోబాకండి. వాడు దిగులుగా ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి, టెలి మానస్ అది, గవర్నమెంటుదే, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, మీకు మనసు బాలేకపోయినా చెయ్యొచ్చు.

ఇంకోటి, వాడు సరే అనేదాకా వాళ్ళ నాన్నకి గానీ మేనమామకి గానీ ఈ సంగతి చెప్పబాకండి. ఎవరికి ఎప్పుడు చెప్పాలో వాడిష్టం. నాన్నతో మాట్లాడాల్సింది కోర్సు గురించే కదా, దానికి ఇది అక్కర్లేదు.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. వాడు చూసింది బహుశా మోమాది అయ్యుంటుంది, న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ అది, అక్కడ ఓపెన్ ఆర్ట్ స్పేస్ అని ఎల్‌జీబీటీక్యూ, అంటే మీవాడిలాంటి హైస్కూల్ పిల్లలకీ వాళ్ళ ఫ్రెండ్స్‌కీ ఫ్రీగా నడిపారు, వచ్చి కూర్చుని బొమ్మలేసుకోవడం, కబుర్లు చెప్పుకోవడం. ఫ్రెండ్స్ కూడా రావచ్చు అనడంలోనే తెలివుంది చూడండి, లోపలికి పోయినంత మాత్రాన ఎవరేంటో బయటపడదు. ఇట్టాంటివి నడిపేవాళ్ళని మ్యూజియం ఎడ్యుకేటర్లు అంటారు, అది జీతమిచ్చే ఉద్యోగమే. మన దేశంలో మాత్రం పోస్టులు తక్కువ, గవర్నమెంటు మ్యూజియాల నోటిఫికేషన్లు ఎప్పుడో గానీ రావు, బెంగళూరులో 2023లో తెరిచిన మ్యాప్ (మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ) లాంటి ప్రైవేటువి కొన్ని ఉన్నాయి. మొదట్లో సాఫ్ట్‌వేర్ జీతం రాదు, ఇది వాడికి కూడా ముందే తెలియాలి.

చదువంటారా, ఇంటర్ ఎంపీసీతోనే బీఎఫ్ఏకి, అంటే బొమ్మల డిగ్రీకి పోవచ్చు, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది, కడపలో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీయే ఉంది, బయటికి పంపగలిగితే బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీ. మ్యూజియాలజీ, అంటే మ్యూజియం పనులు నేర్పే చదువు, అది పీజీ, బరోడాలోనూ నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లోనూ చెయ్యొచ్చు, దానికి డిగ్రీ బీఎఫ్ఏనే అయ్యుండాలని లేదు. వాళ్ళ నాన్న బొమ్మల డిగ్రీకి అస్సలు ఒప్పుకోకపోతే హిస్టరీయో సైకాలజీయో డిగ్రీ చేసి అటు తిరగొచ్చు. బరోడా అంటే గుర్తొచ్చింది, భూపేన్ ఖఖర్ అని అక్కడే ఉన్న పెయింటర్, చార్టర్డ్ అకౌంటెంట్ చదివినాయన, చాలాకాలం లెక్కలు రాస్తానే బొమ్మలేశాడు, తను గే అని తర్వాత తర్వాత బయటికే చెప్పాడు, 1984లో పద్మశ్రీ ఇచ్చారు, 2016లో లండన్ టేట్ మోడరన్‌లో ఆయన ఎగ్జిబిషన్ పెట్టారు. నాన్నకి పద్మశ్రీ మాట చెప్పండి చాలు.

మీరు పంపిన ఫోటోల్లో హీరోల బొమ్మలు పక్కన పెట్టెయ్యండి, అవి ఫోటో చూసి వేసినవి, వాటికి మార్కులు పడవు. తుమ్మలపెంటలో వల బాగుచేసుకునే ఆయన చేతులు వేశాడు చూశారా, బొటనవేలికి దారం బిగిసి గోరు తెల్లబడింది కూడా కనిపిస్తా ఉంది, అట్టాంటివి ఇరవై ముప్పై వెయ్యమనండి, ఎంట్రెన్స్‌లో పోర్ట్‌ఫోలియో, అంటే తను వేసిన బొమ్మల కట్ట, అడిగితే ఇవే పెట్టేది. ఎండాకాలం సెలవుల్లో వీధిలో పిల్లల్ని కూర్చోబెట్టి కొన్ని ఆదివారాలు బొమ్మలు నేర్పమనండి. వాడికి ఇష్టం బొమ్మలెయ్యడమా, పదిమందిని కూర్చోబెట్టి వేయించడమా అన్నది అక్కడ తేలిపోద్ది, ఎడ్యుకేటర్‌కి కావాల్సింది రెండోది. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కూడా రాయనివ్వండి, ఫీజు ఎటూ కట్టేసుంటారు.